ముందే ఈనుతున్న ఎర్ర దుప్పులు: రమ్ దీవి కేస్ స్టడీ

స్కాట్లండ్ పడమటి తీరానికి అవతల, 57 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, రమ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి ఎర్ర దుప్పుల మీద 1980 నుంచి 2007 వరకు, 28 ఏళ్ల పాటు, ఆరు తేదీలు రాసి చూశారు. ఆడవి ఎదకు వచ్చే తేదీ, ఈనే తేదీ. మగవి పాత కొమ్ములు రాల్చే తేదీ, కొత్త కొమ్ముల మీది వెల్వెట్ తోలు గీకి వదిలించుకునే తేదీ, మదకాలం మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ. ఆరూ ముందుకు వచ్చాయి. తక్కువలో తక్కువ 5 రోజులు, ఎక్కువలో ఎక్కువ 12 రోజులు. ఆ తర్వాతి ఏళ్లను కూడా కలిపి 2019లో లెక్క కట్టినప్పుడు ఈతల తేదీ ఒక్కటే పదేళ్లకు 4.2 రోజుల చొప్పున ముందుకు జరిగినట్టు తేలింది.

వాతావరణం వేడెక్కింది కాబట్టి దుప్పులు ముందే ఈనుతున్నాయని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ వాక్యంలో సగం నిజమే ఉంది. ఈనే తేదీ ఈనే వసంతంలో తేలదు, అంతకుముందు శరదృతువులోనే, తల్లి ఒంట్లో ఉన్న కొవ్వును బట్టి తేలిపోతుంది. ఇంకో సంగతి, మంద సగటు కదిలినంత మాత్రాన ఏ దుప్పీ తన తేదీ మార్చుకున్నట్టు కాదు. ఈ రెండూ రుజువు కావాలంటే ఏమేం రాయాలి, ఎలా రాయాలి, ఎక్కడ తప్పుతుంది అన్నదే ఈ కేసులో పనికొచ్చే భాగం.

దీవి, మంద

రమ్ విస్తీర్ణం సుమారు 105 చదరపు కిలోమీటర్లు. అక్కడి పాత దుప్పులు 18వ శతాబ్దం చివరికల్లా అంతరించాయి. 1845లో బయటి నుంచి తెచ్చి మళ్లీ వదిలారు. 1957లో దీవి ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ చేతికి వచ్చింది. ఉత్తరాన కిల్‌మోరీ లోయ చుట్టూ ఉన్న సుమారు 12 చదరపు కిలోమీటర్లలో 1970ల మొదటి నుంచి ప్రతి దుప్పినీ విడివిడిగా గుర్తుపట్టి రాస్తున్నారు. టిమ్ క్లటన్-బ్రాక్, ఫియోనా గిన్నెస్ మొదలుపెట్టిన ఈ పనిని తర్వాత జోసఫీన్ పెంబర్టన్ బృందం కొనసాగించింది. గిన్నెస్ ఆ దీవి మీదే ఉండి, ఆడ దుప్పులను ఒక్కొక్కదాన్నీ ముఖం చూసి గుర్తుపట్టేవారు. ఆ కంటి పని లేకపోతే తర్వాతి గణాంకాలకు పునాదే లేదు.

ఈ చోటుకు రెండు సౌలభ్యాలున్నాయి. తోడేళ్లు లేవు, కాబట్టి పుట్టిన పిల్ల వాటి నోట పడి లెక్క తప్పడం ఉండదు. చెట్లు దాదాపు లేవు, కాబట్టి దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడొచ్చు. చిక్కు కూడా ఉంది. 1970ల మొదట్లో ఈ ఉత్తర భాగంలో ఏటేటా దుప్పులను కాల్చి సంఖ్య తగ్గించడం ఆపేశారు. 1980ల మొదటికల్లా ఆడవాటి సంఖ్య సుమారు మూడింతలైంది. గడ్డి అంతే, తినే నోళ్లు మూడింతలు. సంఖ్య పెరిగితే ఒళ్లు తగ్గుతుంది, ఒళ్లు తగ్గితే ఎద ఆలస్యమవుతుంది. అంటే సంఖ్య ఒకవైపు లాగుతుంటే వాతావరణం రెండోవైపు లాగుతోంది. 1970ల రాతలను 1990ల రాతలతో నేరుగా పోల్చితే ఈ రెండూ కలిసిపోతాయి. పోలికను 1980 నుంచి, సంఖ్య నిలదొక్కుకున్నాక మొదలుపెట్టడానికి మంచి కారణం ఇదే.

తేదీని ఏది నిర్ణయిస్తుంది

ఎర్ర దుప్పికి ఎద తలుపు తెరిచేది పగటి నిడివి. వేసవి నడిమధ్య దాటి రాత్రులు పెరిగేకొద్దీ మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్ అనే హార్మోన్ ఎక్కువసేపు వస్తుంది, దాన్ని బట్టి మెదడు అండాశయానికి కబురు పంపుతుంది. బ్రిటన్ నుంచి న్యూజిలాండ్‌కు తీసుకెళ్లిన ఇదే జాతి అక్కడ మార్చి, ఏప్రిల్ నెలల్లో మదానికి వస్తుంది. దక్షిణార్ధగోళంలో పగలు తగ్గే కాలం అదే. అక్కడి దుప్పుల ఫారాల్లో మెలటోనిన్ బిళ్లను చర్మం కింద పెట్టి ఎదను ముందుకు తెస్తారు.

కానీ వెలుగు ప్రతి ఏడూ ఒకేలా ఉంటుంది. అక్టోబర్ 10న రమ్ మీద పగలు 1980లో ఎంతో 2007లోనూ అంతే. కాబట్టి తేదీ జరగడానికి కారణం వెలుగు కాదు. వెలుగు తలుపు తెరుస్తుంది, ఆ తలుపులోంచి ఏ రోజు దాటాలన్నది ఒంటి పట్టు తేలుస్తుంది. పాడి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పాలు ఎక్కువగా ఇస్తూ మేత చాలని గేదె ఆలస్యంగా ఎదకు వస్తుంది, వట్టిపోయి కండపట్టినది త్వరగా వస్తుంది. రమ్‌లో కూడా ఆ వేసవి పిల్లకు పాలిచ్చిన ఆడ దుప్పి, ఆ ఏడు ఈనని లేదా పిల్లను పోగొట్టుకున్న ఒట్టి దుప్పికన్నా ఆలస్యంగా చూలు కడుతుంది. ముసలివీ, తొలి ఈతవీ ఇంకా వెనక.

ఎద ఒక రోజులోపే ముగుస్తుంది. ఆ రోజు తప్పితే సుమారు 18 రోజులకు మళ్లీ వస్తుంది. చూలు సగటున 235 రోజులు. లెక్క వేసి చూడండి. అక్టోబర్ 10న మగదానితో కలిస్తే జూన్ 2న ఈనాలి. ఆ ఎద తప్పిపోయి అక్టోబర్ 28న కలిస్తే జూన్ 20. మందలో ఆలస్యంగా వచ్చే చిన్న తోకకు ఎక్కువగా ఈ రెండో ఎదే కారణం. ఆలస్యంగా చూలు కట్టినవి మోసే కాలాన్ని కొంచెం తగ్గించుకుని ఆలస్యంలో కొంత భాగం పూడ్చుకుంటాయి. కొంతే, మొత్తం కాదు.

మగదాని పాత్ర కూడా సున్నా కాదు. 1987లో కారెన్ మెక్‌కోంబ్ న్యూజిలాండ్ ఫారంలో చేసిన ప్రయోగంలో, మగ దుప్పి రంకెలు వినిపించిన ఆడవి వినిపించని వాటికన్నా ముందే ఎదకు వచ్చాయి. అయితే మగదాని తేదీ దాని సొంత ఒంటితో ముడిపడి ఉంది. మదకాలంలో అది దాదాపు మేత మానేసి, ఒంటి బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. వేసవిలో కూడబెట్టినదే అక్టోబర్‌లో ఖర్చు. అందుకే కొమ్ము రాల్చే తేదీ, వెల్వెట్ వదిలే తేదీ, రంకెలు మొదలుపెట్టే తేదీ ఒకదాని వెనక ఒకటి కదులుతాయి.

తేదీ రాసే పద్ధతి

మదకాలంలో, అంటే సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మొదటి దాకా, ప్రతిరోజూ మొత్తం ప్రాంతాన్ని చుట్టి ఏ మగదాని మందలో ఏ ఆడది ఉందో రాస్తారు. ఎక్కింపు కంటపడితే ఎద తేదీ నేరుగా దొరికినట్టే. కానీ ఎద ఒక రోజే కాబట్టి, రాత్రిపూట కూడా జరుగుతుంది కాబట్టి చాలావాటికి అది కంటపడదు. వాటికి ఈనిన రోజు నుంచి 235 రోజులు వెనక్కి లెక్కిస్తారు. చూలు నిడివిలో వ్యత్యాసం సుమారు 5 రోజులు ఉంటుంది కనుక, ఆ తేదీకి అటూ ఇటూ ఐదేసి రోజులు కలిపి 11 రోజుల కిటికీగా తీసుకోవడమే సరైన పని. ఒకే తేదీగా రాస్తే లేని కచ్చితత్వం తెచ్చిపెట్టినట్టవుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వెనక్కి లెక్కించిన ఎద తేదీని తీసుకుని ఎదా ఈతా రెండూ ముందుకు వచ్చాయని రెండు సాక్ష్యాలుగా చూపించకూడదు. అది ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు రాసినట్టు. కంటితో చూసిన ఎదలను, లెక్కించిన ఎదలను రిజిస్టర్‌లో వేర్వేరు గడుల్లో పెట్టాలి.

ఈతల పని మే మధ్య నుంచి జూన్ చివరి దాకా. పొదుగు నిండిన ఆడ దుప్పి మంద విడిచి ఒంటరిగా పోతుంది, అదే మొదటి గుర్తు. పొట్ట ఒక్కసారిగా పడిపోయి, వెనకభాగం తడిగా, మరకలతో కనిపిస్తే ఈనినట్టు. పిల్ల మొదటి రోజుల్లో తల్లి వెంట తిరగదు. గడ్డిలో, హెదర్ పొదల్లో ముడుచుకుని పడుకుంటుంది. తల్లి దూరంగా మేస్తూ పాలివ్వడానికి మాత్రమే వస్తుంది. అందుకే చూడాల్సింది పిల్లను కాదు, తల్లి ఎటు తిరిగి చూస్తోందో, ఎటు నడుస్తోందో. తల్లి నాకి, మొదటి పాలు తాగించాక మాత్రమే పిల్ల దగ్గరికి వెళ్లాలి. ముందే వెళితే తల్లి విడిచిపెట్టే ప్రమాదముంది.

పట్టుకున్న పిల్లను తూచి, ఆడో మగో చూసి, చెవికి ట్యాగ్ వేసి, చెవి తోలు ముక్క డీఎన్ఏ కోసం తీసుకుని అక్కడే వదిలేస్తారు. వయసు గంటల్లో అంచనా కడతారు. బొడ్డు తాడు తడిగా ఉందా ఎండిందా, గిట్టల కొనలు ఇంకా మెత్తగా ఉన్నాయా, లేచి నిలబడితే కాళ్లు వణుకుతున్నాయా అనేవి చూస్తారు. పిల్ల గంటకు సుమారు 15 గ్రాములు పెరుగుతుంది కాబట్టి పట్టుకున్నప్పటి బరువు పుట్టిన బరువు కాదు. 20 గంటల వయసులో 7.2 కిలోలు తూగితే, 20 గంటలకు 300 గ్రాములు తీసేసి పుట్టిన బరువు 6.9 అని రాయాలి. ఈ సవరణ చేయని చోట, ఆలస్యంగా దొరికిన పిల్లలన్నీ బరువైన పిల్లలుగా రికార్డుకెక్కుతాయి. చూసేవాళ్లు తక్కువగా ఉన్న ఏడాది పిల్లలు బలంగా పుట్టాయన్న తప్పుడు మాట అలాగే పుడుతుంది.

పుట్టి ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయిన పిల్లలు ఇంకో పెద్ద లోపం. పిల్ల దొరికితేనే ఈత రాసే పద్ధతిలో అవి అసలు లెక్కలోకే రావు. బలహీనంగా పుట్టేవి, తోక చివర ఆలస్యంగా పుట్టేవి ఇలా మాయమైతే మందలో అందరూ ముందే, బలంగా ఈనినట్టు కనిపిస్తుంది. తల్లిని అనుసరించి రాసే పద్ధతిలో పిల్ల దొరక్కపోయినా ఈత తేదీ దొరుకుతుంది. పని రెట్టింపు, అయినా దీనికి ప్రత్యామ్నాయం లేదు.

మగవాటి కొమ్ముల తేదీకి వేరే చిక్కు. కొమ్ము రాలడం ఎవరూ కళ్లారా చూడరు. కొమ్ముతో చివరిసారి కనిపించిన రోజు, కొమ్ము లేకుండా మొదటిసారి కనిపించిన రోజు, ఈ రెండే దొరుకుతాయి. రెండింటి మధ్య 4 రోజులుంటే మధ్య తేదీ తీసుకోవచ్చు. 20 రోజులుంటే ఆ తేదీని నమ్మకూడదు. ప్రతి రికార్డుకూ ఆ వ్యవధి కూడా రాసి పెట్టాలి. కొన్నేళ్ల తర్వాత వ్యవధి తగ్గిందంటే, అంటే తనిఖీలు పెరిగాయంటే, తేదీలు జరిగినట్టు కనిపించేది దుప్పుల వల్లా, మన నడక వల్లా అన్నది అప్పుడే తేలుతుంది.

తేదీని అంకెగా మార్చేటప్పుడు జనవరి 1 నుంచి లెక్కపెడితే లీపు సంవత్సరంలో ఒక రోజు తేడా వస్తుంది. ఈతలకు మే 1ని 1వ రోజుగా తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

సగటు చేసే మోసం

ఇది ఒక ఊహా లెక్క, రమ్ అంకెలు కావు. మందలో ఒట్టివి సగటున 30వ రోజున, అంటే మే 30న ఈనుతాయనుకుందాం. అంతకుముందు వేసవి పాలిచ్చినవి 38వ రోజున, అంటే జూన్ 7న. ఒక ఏడు చూలువాటిలో ఒట్టివి 30 శాతం ఉంటే మంద సగటు 35.6. చలికాలం గట్టిగా కొట్టి పిల్లలు బాగా చనిపోయిన మరుసటి శరదృతువులో పాలిచ్చేవి తగ్గి, ఒట్టివి 60 శాతం అయ్యాయనుకోండి. అప్పుడు తర్వాతి ఈతల సగటు 33.2. ఒక్క దుప్పి కూడా తన తేదీ మార్చుకోలేదు, సగటు మాత్రం 2.4 రోజులు ముందుకు వచ్చింది. పదేళ్లకు 4.2 రోజుల మార్పును వెతుకుతున్నప్పుడు 2.4 రోజులంటే సగానికి మించిన మొత్తం. పైగా ఈ మార్పు మంచి ఏడాది వల్ల రాలేదు, పిల్లలు చచ్చిన చెడ్డ ఏడాది వల్ల వచ్చింది. అర్థం పూర్తిగా తలకిందులు.

అందుకే ప్రతి ఈత పక్కనా తల్లి వయసు, ఎన్నో ఈత, అంతకుముందు వేసవి పాలిచ్చిందా లేదా అనే మూడు గడులూ తప్పనిసరి. ఒకే దుప్పి వేర్వేరు ఏళ్లలో ఈనిన తేదీలను దాని సొంత సగటు నుంచి ఎంత దూరమో లెక్కించి చూడాలి. వెచ్చని ఏడాది తర్వాత అదే దుప్పి తన సగటుకన్నా ముందు ఈనిందంటే అది నిజమైన సర్దుబాటు. రమ్ రికార్డులను ఇలా విడదీసినప్పుడు, ఉష్ణోగ్రతకు మంద మొత్తంలో కనిపించిన స్పందన ఒక్కో దుప్పిలో కూడా అంతే కనిపించింది. ఈ ఒక్క ఫలితం కోసమైనా ఏళ్ల తరబడి ముఖాలు గుర్తుపట్టడం సార్థకమే.

సగటు కన్నా మధ్యస్థం, అంటే ఈతలను తేదీ వరుసలో పెడితే సరిగ్గా నడుమ పడే తేదీ, నయం. నాలుగైదు రెండో ఎద ఈతలు సగటును వెనక్కి లాగుతాయి, మధ్యస్థాన్ని పెద్దగా కదిలించలేవు. మధ్యస్థంతో పాటు నడిమి 80 శాతం ఈతలు ఎన్ని రోజుల్లో జరిగాయో కూడా రాయాలి. మధ్య జరగకుండా తోక మాత్రమే తగ్గితే కథ వేరే, అప్పుడు మార్పు రెండో ఎదల్లో ఉందన్నమాట.

ఇక రెండు గీతల పొరపాటు. 28 ఏళ్లలో ఉష్ణోగ్రత పెరిగింది, ఈతల తేదీ తగ్గింది. ఒక దిశలో నడిచే ఏ రెండు వరుసలను పక్కపక్కన పెట్టినా సంబంధం ఉన్నట్టే కనిపిస్తుంది. లెక్కలో సంవత్సరాన్ని కూడా ఒక అంశంగా చేర్చి, ధోరణిని తీసేశాక, మామూలుకన్నా వెచ్చని ఏడు మామూలుకన్నా ముందు తేదీ ఇస్తోందా అని అడగాలి. రమ్‌లో ఆ పరీక్షకూ సంబంధం నిలిచింది.

ఎందుకు జరిగింది

గడ్డి పెరుగుదలకు కొలతగా తీసుకున్నది వృద్ధి ఉష్ణ దినాలు. రోజు సగటు ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటిన మేరకు కూడుతూ పోవాలి. 9 డిగ్రీల రోజు 4 కలుపుతుంది, 3 డిగ్రీల రోజు ఏమీ కలపదు. వసంతం, వేసవి నెలల్లో ఈ మొత్తం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది. ఆరు తేదీల్లో ప్రతిదానిలోనూ ఏడాది ఏడాదికీ వచ్చే హెచ్చుతగ్గుల్లో గణనీయమైన భాగాన్ని ఇది వివరించింది. కిల్‌మోరీలో దుప్పులు ఎగబడే పొట్టి పచ్చిక ముందే మొలిచి ఎక్కువ కాలం పెరిగితే, తల్లి పాలిస్తూ కూడా శరదృతువుకల్లా కొవ్వు కూడబెడుతుంది, ఎదకు ముందే వస్తుంది, 235 రోజుల తర్వాత ముందే ఈనుతుంది. మగవాటి కొమ్ముల సగటు బరువు కూడా ఆ ఏళ్లలో పెరిగింది. మేత మెరుగైందనడానికి ఇది వేరే దారిలో వచ్చిన సాక్ష్యం.

ఈనే నెల వాతావరణం పాత్ర ఇక్కడ తేదీలో కాదు, బరువులో. ఏప్రిల్, మే నెలలు వెచ్చగా ఉంటే తల్లికి చివరి వారాల్లో పచ్చిమేత దొరికి పిల్ల బరువుగా పుడుతుంది. తేదీకి ఒక రుతువు, బరువుకు ఇంకో రుతువు. రెండింటినీ కలిపి వసంత ప్రభావం అని రాయడం ఈ రంగంలో తరచూ జరిగే తప్పు.

మార్పు అంతా సర్దుబాటే కాదు. చెవి తోలు ముక్కల డీఎన్ఏతో తల్లి, తండ్రి, పిల్లల వంశవృక్షం తయారైంది. ఈత తేదీ కొంతవరకు వంశపారంపర్యం. ముందే ఈనే ఆడవి జీవితకాలంలో ఎక్కువ సంతానాన్ని మిగిల్చాయి. 2019 విశ్లేషణలో, తేదీ ముందుకు రావడంలో కొంత భాగం జన్యుమార్పు వల్లే అని తేలింది. అడవి జంతువులో, మనిషి కళ్ల ముందు, కొన్ని దశాబ్దాల్లో జన్యుపరంగా తేదీ కదలడాన్ని ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణలు అరుదు. వంశవృక్షం లేకుండా ఈ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

ముందే ఈనడం వల్ల పిల్లలు బాగుపడ్డాయా అంటే, 28 ఏళ్ల రికార్డులో సగటు పుట్టుక బరువు గానీ, పిల్లలు బతికే శాతం గానీ మారలేదు. ఏ ఒక్క ఏడాది తీసుకున్నా ఆలస్యంగా పుట్టిన పిల్ల చలికాలానికి చిన్నదిగా చేరి చచ్చిపోయే అవకాశం ఎక్కువే. కానీ మంద మొత్తం కలిసి జరిగినప్పుడు ఆ లాభం సగటులో కనిపించలేదు. తేదీ మారిందన్న వార్తను లాభమో నష్టమో అని వెంటనే అనువదించకూడదని ఇంతకన్నా గట్టిగా చెప్పే రికార్డు లేదు.

తేదీ జరగని దుప్పి

పక్కన పెట్టి చూడాల్సిన కేసు ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో, ట్రువా-ఫోంతేన్ అడవిది. 1,360 హెక్టార్ల కంచె అడవి, అందులో రో దుప్పులు అనే వేరే జాతి. 1985 నుంచి 2011 వరకు రాసిన ఈతల తేదీలు కదలలేదు. మే నడిమధ్య చుట్టూనే ఉండిపోయాయి. వసంతం మాత్రం కదిలింది. ఆ ప్రాంతపు ద్రాక్షతోటల్లో పూత తేదీల రికార్డు ఉంది, అది ముందుకు వస్తూ పోయింది. లేత ఆకు ఉధృతంగా ఉండే రోజులకు, పిల్లలు పాలు తాగే రోజులకు మధ్య ఎడం పెరిగింది. వసంతం ముందే వచ్చిన ఏళ్లలో పిల్లలు తక్కువ బతికాయి, మంద పెరుగుదల మందగించింది.

తేడా రెండు జాతుల ఒంటి లెక్కలో ఉంది. రో దుప్పి జూలై, ఆగస్టులో జతకడుతుంది. పిండం గర్భాశయానికి అంటుకోకుండా సుమారు ఐదు నెలలు ఆగి, డిసెంబర్ చివర, జనవరిలో పెరగడం మొదలుపెడుతుంది. అంటే వేసవి మేతకు, ఈత తేదీకి మధ్య ఉన్న లంకె తెగిపోయింది. తల్లి బాగా తిన్నా ఆ లాభం తేదీగా మారదు. పైగా అది చిన్న జంతువు, కొవ్వు నిల్వలు స్వల్పం, పాలన్నీ ఆనాటి మేత నుంచే రావాలి. ఆకు ముదిరితే పాలు తగ్గినట్టే. రమ్ ఫలితాన్ని చూసి దుప్పులన్నీ సర్దుకుంటాయని ఊరటపడేవాళ్లు ఈ అడవిని కూడా చూడాలి.

మన చుక్కల దుప్పి దగ్గర

నల్లమల, అమ్రాబాద్, కవ్వాల్‌లలో చుక్కల దుప్పి మీద ఇదే ప్రశ్న వేస్తే, రమ్ పద్ధతిలో సగం పనికిరాదు. ఇక్కడ పగటి నిడివి ఏడాదిలో పెద్దగా మారదు. ఏ నెలలోనైనా చూలువి, ఈనినవి కనిపిస్తాయి. ఒకే మందలో ఒక మగదానికి గట్టి కొమ్ములు, ఇంకోదానికి వెల్వెట్, మరోదానికి కొమ్ములు రాలిన మోడులు ఉంటాయి. అయినా ఉధృతి మాత్రం ఉంటుంది. 1960లలో జంతుశాస్త్రవేత్త జార్జ్ షాలర్ మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో చూసినప్పుడు మదం వేసవిలో ఎక్కువ, ఈతలు చలికాలంలో ఎక్కువ. ఉధృతి నెల చోటును బట్టి మారుతుంది కనుక కన్హా నెలలను నల్లమలకు అంటగట్టకూడదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా పిల్లలను పట్టి ట్యాగ్ వేయడం కుదరదు. చేయగలిగింది నెలవారీ వర్గీకరణ లెక్క. అవే దారులు, అవే గంటలు, నెలకు కనీసం రెండుసార్లు. ప్రతి మందలో ఆడవి, పిల్లలు, మగవి రాసి, మగవాటిని కొమ్ము దశను బట్టి మూడుగా విడదీయాలి: గట్టివి, వెల్వెట్‌వి, రాలినవి. గట్టి కొమ్ముల శాతం ఎక్కువగా ఉన్న నెలలు మదపు ఉధృతికి దగ్గరగా ఉంటాయి. దానికి ఏడున్నర, ఎనిమిది నెలల తర్వాత చిన్న పిల్లల శాతం పెరుగుతోందా చూడాలి. రెండు వరుసలూ ఒకదాన్నొకటి బలపరిస్తేనే ఉధృతి నెల చెప్పడం సబబు. మూడేళ్ల రాతలు లేకుండా చెప్పకపోవడం మంచిది.

పిల్లల సంఖ్యను అలాగే రాయడం ఇక్కడ అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. వానల తర్వాత గడ్డి నిలువెత్తున ఉన్నప్పుడు పిల్లలు కనిపించవు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలి, మందలన్నీ నీటిగుంటల చుట్టూ, ఇప్పచెట్ల కింద చేరినప్పుడు ప్రతి పిల్లా కనిపిస్తుంది. అప్పుడు వేసవిలో ఈతలు ఎక్కువన్న భ్రమ కలుగుతుంది. అందుకని 100 ఆడవాటికి ఎన్ని పిల్లలు అన్న నిష్పత్తే రాయాలి. అది కూడా దారి దగ్గర స్పష్టంగా, మొత్తంగా కనిపించిన మందల నుంచి మాత్రమే. పుట్టిన మొదటి వారాల్లో పిల్ల దాక్కుంటుంది కాబట్టి లెక్కలో అది ఆలస్యంగా కనబడుతుంది, ఆ ఆలస్యం ఈత తేదీలో కలవకూడదు.

వయసు అంచనాకు చుక్కలు పనికిరావు. ఎర్ర దుప్పి పిల్లకు చుక్కలు వేసవి ముగిసేసరికి మాసిపోతాయి, చుక్కల దుప్పికి అవి జీవితాంతం ఉంటాయి. తల్లి పక్కన నిలబడినప్పుడు పిల్ల వీపు తల్లి పొట్ట గీతకు కిందా పైనా అన్నదే అడవిలో వాడదగ్గ గుర్తు. దాన్ని ఫొటోలో తర్వాత ఇంకొకరు కూడా సరిచూడవచ్చు. కెమెరా ట్రాప్‌లు నీటిగుంటల దగ్గర పెడితే ఇలాంటి పక్కపక్క ఫొటోలు బాగా వస్తాయి. నిష్పత్తి కోసం మాత్రం వాటిని వాడొద్దు. గుంట దగ్గరికి పిల్ల తల్లితో సమానంగా రాదు. చూలును పేడలోని హార్మోన్ల ద్వారా పట్టే పద్ధతి కూడా ఉంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఇలాంటి పరీక్షల మీద పనిచేసింది. నమూనా తాజాదై ఉండాలి, తీసిన వెంటనే చల్లబరచాలి, ఎండలో ఆరిన పేడ ఫలితాన్ని నమ్మలేం.

చివరిగా ఒక గడి. వేసవి నీటి కోసం అడవిలో సాసర్ పిట్‌లు (పళ్లెంలాంటి లోతులేని నీటి గుంటలు), సోలార్ బోర్లు పెడుతున్నారు. వేసవి మేతా నీరూ మారితే ఆడవాటి ఒంటి పట్టు మారుతుంది, ఒంటి పట్టు మారితే ఎద మారవచ్చు. ఏ గుంట ఏ నెలలో మొదలైంది, ఏ నెలలో ఎండింది, ఎప్పుడు ట్యాంకర్‌తో నింపారు అన్నది అదే రిజిస్టర్‌లో, దుప్పుల లెక్క పక్కనే రాయాలి. పదేళ్ల తర్వాత ఉధృతి ఒక నెల జరిగినట్టు కనిపిస్తే, అది వాన వల్లా, గుంట వల్లా అని విడదీయడానికి ఆ గడి తప్ప వేరే దారి ఉండదు.